కుడి దవడ కేసులో పరారీ నిందితుడు

"నోరు తెరవండి," అన్నారు విశ్వపతిరావు గారు.

కేశవం తెరవగలిగినంత తెరిచాడు. కుడి బుగ్గ బూరెలా పొంగి ఉండడంతో ఆ తెరిచింది చిటికెన వేలు పట్టేంత సందు మాత్రమే అయింది.

"ఇంకాస్త తెరవాలి. నోటీసు నిందితుడికి స్వయంగా అందినట్టు ఉండాలి. రేపు నాకు వినపడలేదని అడ్డం తిరిగితే కేసు మళ్ళీ మొదటికొస్తుంది."

స్టెనో అంజిబాబు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. కేశవం నోటికి జానెడు దూరంలో ముఖం పెట్టి, కాగితం పైకెత్తి చదవడం మొదలుపెట్టాడు.

"కింది దవడ, కుడివైపు, వెనుక నుండి రెండవ స్థానమున విధులు నిర్వర్తించుచున్న దంతమునకు తెలియజేయునదేమనగా, నీవు గత శుక్రవారము నుండి నొప్పి కలిగించుచు, సంస్థ సీనియర్ అసిస్టెంటు శ్రీ మద్దాల సత్యకేశవం గారి విధులకు భంగము వాటిల్లజేసినట్లు ఫిర్యాదు అందినది. నిన్ను సర్వీసు నుండి ఏల తొలగించరాదో వెంటనే సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

అంజిబాబు ఆగాడు. గదిలో ఉన్న ముగ్గురూ, కేశవంతో సహా, కేశవం నోటికేసి చూశారు.

"మౌనం," అన్నారు విశ్వపతిరావు గారు. "రాసుకో. నోటీసు అందుకొని మౌనం వహించినది."

కేశవం కళ్ళలోంచి నీళ్ళు కారాయి. అవి ఫిర్యాదుదారు తరఫున కారినవా, నిందితుడి తరఫున కారినవా అన్నది తర్వాత తేలుద్దామని వాటిని కూడా రాయించారు.

ఇదంతా జరుగుతున్నది ఏలూరులో, రాష్ట్ర గోనెసంచుల సరఫరా సంస్థ ప్రాంతీయ కార్యాలయంలో. ఆ సంస్థకు ఉద్యోగుల దంత బీమా పథకం ఒకటి ఉంది. దానికి ప్రతి నెలా జీతంలోంచి కొంత కోత పడుతుంది. పథకం పెట్టిన కొత్తలో నిబంధనలు రాయమని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు ఆ ఆఫీసులో పళ్ళ గురించి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఉద్యోగం ఊడబెరకడం గురించి మాత్రం అందరికీ తెలుసు. అందరికంటే బాగా తెలిసినవారు పరిపాలనా విభాగం డిప్యూటీ మేనేజరు తాళ్ళూరి విశ్వపతిరావు గారు. పన్ను పీకడమూ తొలగింపే కాబట్టి, తొలగింపుకి సంస్థలో ఒక పద్ధతి ఉండనే ఉంది కాబట్టి, ఆయన ఉద్యోగుల క్రమశిక్షణా నియమావళి దగ్గర పెట్టుకుని, 'ఉద్యోగి' అన్నచోటల్లా 'దంతము' అని వేసి ఒక్క మధ్యాహ్నంలో పని ముగించారు. పై వాళ్ళు చదివారు. భాష చాలా పరిచయమైన భాషలా అనిపించి సంతకాలు పెట్టేశారు.

అప్పటినుంచి ఆ పథకం కింద సంస్థ ఒక్క రూపాయి కూడా చెల్లించలేదు. విచారణ నడుస్తుండగానే కొన్ని పళ్ళు వాటంతట అవే రాలిపోయాయి. వాటిని స్వచ్ఛంద పదవీ విరమణగా నమోదు చేశారు. కొన్నిటి నొప్పి వాయిదాల మధ్య తగ్గిపోయింది. వాటి సంజాయిషీ ఆమోదించి, భవిష్యత్తులో జాగ్రత్తగా మెలగవలసిందిగా హెచ్చరించి వదిలేశారు.

తోటి ఉద్యోగులకు ఈ సంగతి తెలుసు. పన్ను నొప్పెడితే బీమా ఊసెత్తకుండా, డబ్బులు జేబులో పెట్టుకుని డాక్టరు దగ్గరికి పోయేవాళ్ళు. కేశవం మాత్రం అలా కాదు. పద్నాలుగేళ్ళుగా నెలనెలా జీతం కాగితంలో ఆ కోత చూసినప్పుడల్లా అతని పన్ను కాదు, ప్రాణం ఉసూరుమనేది. ఒక్క పన్నయినా సంస్థ ఖర్చుతో పీకించుకోకుండా రిటైరవకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. నోరు బలంగా ఉండడం వల్ల ఆ అవకాశం రాలేదు.

చివరికి అది వచ్చింది కూడా సంస్థ చలవ వల్లే. దంత సంరక్షణ వారోత్సవాల ముగింపు సభలో, పళ్ళను ఎలా కాపాడుకోవాలో గంటన్నర ఉపన్యాసం విన్నవాళ్ళందరికీ తలా ఒక పప్పుచెక్క పంచారు. పాకం ముదిరిన పప్పుచెక్క అది. కేశవం కొరికాడు. తలలో ఏదో విరిగిన చప్పుడైంది. బాధతో పాటు, దాచకుండా చెప్పాలంటే, కొంచెం ఆనందం కూడా కలిగింది.

ఆ ఆనందం నోటీసు చదివే సమయానికి పూర్తిగా హరించుకుపోయింది.

"ఎక్స్‌రే తీయించుకోవచ్చాండీ?" అని ముద్దముద్దగా అడిగాడు కేశవం.

"తప్పకుండా. నిందితుడు ఎవరో తేలగానే దాని ఫోటోకి డబ్బు మంజూరు చేస్తాం."

"ఫోటో తీస్తేనే కదండీ ఏదో తేలేది. ఒకోసారి పై పన్ను లాగుతున్నట్టుంటాదండి. ఒకోసారి చివరాఖరి జ్ఞానదంతం."

విశ్వపతిరావు గారి కళ్ళు మెరిశాయి. "జ్ఞానదంతం ఎప్పుడు చేరింది?"

"నాకు ఇరవై మూడో ఏటండి."

"మిగతావన్నీ చిన్నప్పుడే చేరితే ఇది ఇరవై మూడో ఏట చేరిందన్నమాట. అందరికంటే జూనియర్. రాసుకో అంజిబాబూ, అనుమానితుల జాబితాలో దాన్ని కూడా చేర్చు. చూడండి కేశవం గారు, మీ నోట్లో ముప్పై రెండు మంది పనిచేస్తున్నారు. ఒకరు చేసిన తప్పుకి ఇంకొకరు బలి కాకూడదు. శుక్రవారం గుర్తింపు పరేడ్ పెడుతున్నాం. ప్రధాన కార్యాలయం నుంచి పరిశీలకురాలు కూడా వస్తున్నారు. అందరి ఎదుటా మీరే గుర్తుపట్టి చెప్పాలి. అందాకా ఆ మూడూ సస్పెన్షన్‌లో ఉంటాయి. వాటితో నమలకూడదు."

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానండి. బయట చూపించుకుంటాను."

విశ్వపతిరావు గారు అతనికేసి జాలిగా చూశారు. స్వతహాగా మెత్తని మనిషి ఆయన.

"వెనక్కి తీసుకుంటే తప్పుడు ఫిర్యాదు అవుతుంది. విచారణ ముగియకముందే సొంత డబ్బుతో తీయించేసుకుంటే సాక్ష్యం మాయం చేసినట్టవుతుంది. రెండిటికీ ఒకటే శిక్ష, మూడేళ్ళు ప్రమోషన్ నిలుపుదల. వచ్చే నెల సూపరింటెండెంట్ల జాబితాలో మొదటి పేరు మీదే కదా. తొందరపడకండి. నా మాట వినండి."

అదీ కేశవం పరిస్థితి. పన్ను ఉంచుకుంటే ప్రాణం పోయేలా ఉంది. తీయించుకుంటే ప్రమోషన్ పోతుంది.

విశ్వపతిరావు గారి మెత్తదనం గురించి ఒక మాట చెప్పాలి. విచారణ మొదలుకానంతవరకు ఆయనంత మంచివాడు జిల్లాలో లేడు. మొదలైందా, ఇక ఆయనకు తనెవరో కూడా గుర్తుండదు. రెండేళ్ళ కిందట స్టోరు గదిలో సంస్థ గొడుగు ఒకటి కనబడకుండా పోయింది. ఆయన విచారణ చేపట్టి, వాచ్‌మన్‌ని నిలదీసి, గుమాస్తాల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ఆరు నెలలు ఆఫీసంతా హడలెత్తించారు. చివరికి దొంగ ఎవరో తేలలేదని ఆవరణలో ఉద్యోగులందరి ముందూ ఉత్తర్వు చదివారు. ఆ రోజు వాన పడుతోంది. ఉత్తర్వు తడవకుండా ఆయన ఆ గొడుగు కిందే నిలబడి చదివారు.

ఇంటికి వచ్చేసరికి భార్య మాణిక్యం గ్లాసుతో జావ అందించింది.

"ఏవన్నారు?"

"శుక్రవారం పరేడ్."

"పోలీసులా?"

"పళ్ళకి."

మాణిక్యం గ్లాసు కింద పెట్టి ఎదురుగా కూర్చుంది. "ఏవండీ, నాకు తెలియక అడుగుతాను. ఎదురింటి పద్మావతి వదిన ఏ బీమా లేకుండా వెళ్ళి, పావుగంటలో పన్ను తీయించుకుని, వస్తూ వస్తూ కూరగాయలు కూడా తెచ్చుకుంది. మీరు పద్నాలుగేళ్ళు బీమా కట్టి జావ తాగుతున్నారు. ఇందులో లాభం ఎవరికండీ?"

"కట్టిన డబ్బు పోదా?"

"పోయింది కదా ఎప్పుడో. పోయినదాని కోసం ఇంకా ఉన్న దవడ కూడా ఇస్తారా?"

"మరి ప్రమోషనో?"

"ప్రమోషన్ వస్తే సన్మానం చేస్తారు. ఆ సన్మానంలో నోరు తెరిచి రెండు ముక్కలు మాట్లాడాలా లేదా? ఈ వాపుతో మిమ్మల్ని చూసి, ఎవరి సంతాపసభో అనుకుంటారు."

కేశవం సమాధానం చెప్పబోయాడు. సస్పెన్షన్‌లో ఉన్న పన్ను లోపలినుంచి ఒక పోటు పొడిచింది. వెన్ను మీదుగా మడమ దాకా పాకింది.

మాణిక్యం బీరువాలోంచి ఉన్న డబ్బు తీసి జేబులో కుక్కింది. "వెళ్ళండి. తెలిస్తే కదా వాళ్ళకి."

పవర్‌పేటలో డాక్టర్ హిమబిందు క్లినిక్. సంస్థ పథకంలో నమోదైన ఏకైక దంత వైద్యురాలు ఆవిడే. గోడకి బోర్డు ఉంది. 'బీమా కార్డులు అంగీకరించబడును. నొప్పి ఉన్నవారు క్యాష్ తీసుకురావలెను.'

గురువారం సాయంత్రం కేశవం తల వంచుకుని లోపలికి దూరాడు. బల్ల మీద ఒక్కరే ఉన్నారు. మే నెల ఉక్కలో మెడ నుంచి కళ్ళ దాకా మఫ్లర్ చుట్టుకుని ఉన్నారు. కేశవం పక్కన కూర్చున్నాడు. మఫ్లర్ పైనున్న కళ్ళు అతన్ని చూసి మూసుకున్నాయి. ఆ కళ్ళని కేశవం ఎక్కడైనా గుర్తుపడతాడు.

పారిపోదామని లేచాడు.

"కూర్చోండి కేశవం గారు," అంది మఫ్లర్. "నేను ఇక్కడ లేను. మీరూ లేరు."

కొంతసేపు ఇద్దరూ లేకుండా కూర్చున్నారు.

"తమకి కూడా పథకం ఉంది కదండీ," అన్నాడు కేశవం ఉండబట్టలేక.

"ఉంది. నిబంధనలు రాసింది నేనే. అందుకే క్యాష్ తెచ్చుకున్నాను."

మఫ్లర్ కొంచెం జారింది. ఎడమ బుగ్గ నున్నగా ఉబ్బి ఉంది. చూడగానే కేశవానికి భయం సగం తగ్గింది. ఒకే రకంగా వాచిన ఇద్దరు మనుషుల మధ్య హోదాలు ఎంతోసేపు నిలవవు.

లోపలినుంచి డాక్టర్ వచ్చి కేశవం నోట్లోకి చూసింది. చేతి మిషన్‌తో అక్కడే ఎక్స్‌రే ఫోటో తీసింది. నిమిషంలో తేల్చేసింది.

"కింది వరస, వెనకనుంచి రెండోది. నిలువునా చీలింది. నిలబెట్టడం కుదరదు, తీసెయ్యాలి. మిగతా రెండూ బంగారంలా ఉన్నాయి. మూడు వేలవుతుంది."

కేశవం జేబు తడుముకున్నాడు. ఐదువందలు తక్కువైంది. రేపు వస్తానని గొణుగుతుండగా పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి అతని అరచేతిలో మడత నోటు పెట్టింది.

"ఉంచండి. ఎప్పుడైనా ఇద్దురు గాని," అన్నారు విశ్వపతిరావు గారు. "ముందు మీరే వెళ్ళండి. మీ బుగ్గ నా బుగ్గకంటే సీనియర్."

"మరి రేపటి పరేడ్ అండీ?"

"అది రేపటి విచారణాధికారి చూసుకుంటాడు. అతనికీ నాకూ పరిచయం లేదు."

ఇరవై నిమిషాల్లో కేశవం బయటపడ్డాడు. దూదిలో చుట్టిన పన్ను జేబులో ఉంది. ఇంటికి వెళ్ళగానే మాణిక్యం దాన్ని తీసుకుని, పిల్లల పాలపళ్ళు విసిరిన అలవాటు కొద్దీ, పెరట్లోకి వెళ్ళి డాబా మీదికి గిరాటేసింది. కేశవం ఆ రాత్రి వారం తర్వాత మొదటిసారి పప్పన్నం తిని, గుర్రు పెట్టి నిద్రపోయాడు.

తెల్లారి లేచి అద్దంలో చూసుకున్నాక పరేడ్ గుర్తొచ్చింది. వాపు చాలావరకు తగ్గిపోయింది.

సమావేశ మందిరంలో ఏర్పాట్లు ఘనంగా ఉన్నాయి. మధ్యలో కేశవానికి ఒక వాలుకుర్చీ, దాని మీదికి ప్రొజెక్టరు దీపం. ఒక పక్క ప్రధాన కార్యాలయం పరిశీలకురాలు కుముదిని గారు చేతిలో నిబంధనల పుస్తకంతో కూర్చున్నారు. ఇంకో పక్క సాంకేతిక సాక్షిగా డాక్టర్ హిమబిందు, చిన్న అద్దం పట్టుకుని, ఎటూ చూడకుండా నిలబడి ఉంది. విశ్వపతిరావు గారు మఫ్లర్ లేకుండా వచ్చారు. బుగ్గ ఏమైందని కుముదిని గారు అడిగితే వడదెబ్బ అన్నారు. కేశవం ఆయన కళ్ళలోకి చూశాడు. అందులో నిన్నటి మనిషి ఆనవాలు కూడా లేదు.

"ఫిర్యాదుదారు ప్రమాణం చేయాలి. అబద్ధం చెబితే ఉద్యోగం పోతుందని ఎరుగుదునని చెప్పాలి."

కేశవం చెప్పాడు.

"డాక్టర్ గారు, పరేడ్ మొదలుపెట్టండి. ఒక్కొక్క దంతాన్ని తట్టండి. దోషి దగ్గరికి రాగానే ఫిర్యాదుదారు కేక వేస్తారు."

డాక్టర్ తట్టడం మొదలుపెట్టింది. పై వరస అయింది, కేక లేదు. కింది వరస ఎడమ నుంచి వచ్చింది. కేశవం చెమట్లు కక్కుతున్నాడు. ఏదో ఒకదాన్ని చూపించి కేక వేద్దామా అనుకున్నాడు. వేస్తే ఆ బంగారంలాంటి పన్ను తొలగింపు ఉత్తర్వు ఇక్కడే తయారవుతుంది. వేయకపోతే తప్పుడు ఫిర్యాదు.

అద్దం గాలిలో ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నారు విశ్వపతిరావు గారు.

"ఇక్కడ ఎవరూ లేరండి," అంది డాక్టర్. "ఖాళీ."

అంజిబాబు పెన్ను కింద పడింది. కుముదిని గారు కళ్ళజోడు సర్దుకుని, లేచి వచ్చి, ఆ ఖాళీని స్వయంగా చూసి, వెళ్ళి కూర్చున్నారు.

"ముప్పై ఒక్కరు హాజరు," అన్నారు విశ్వపతిరావు గారు. ఆయన సర్వీసులో ఇలాంటి కేసు తగల్లేదు. "ప్రధాన నిందితుడు పరారీ. రాసుకో. ప్రస్తుతం ఎక్కడున్నాడు?"

"డాబా మీదండి," అన్నాడు కేశవం.

"తప్పించిందెవరు?"

"నేనే," అంది డాక్టర్. "నిన్న సాయంత్రం. నొప్పని వచ్చి డబ్బిస్తే పీకుతాను. నా పని అదేనండి."

"ఎంత ఇచ్చారు?"

"మూడు వేలు. అందులో ఐదువందలు మాత్రం ఈయనవి కావు. ఎవరు ఇచ్చారో నేను చెప్పను. నా దగ్గరికి వచ్చేవాళ్ళ సంగతులు బయట చెప్పడం మా వృత్తిలో లేదు."

విశ్వపతిరావు గారు కుర్చీలోంచి నెమ్మదిగా లేచారు. గొడుగు రోజుల్లో ఆయన్ని చూసినవాళ్ళు ఆ లేవడం గుర్తుపట్టారు. అంజిబాబు కొత్త కాగితం తీశాడు.

"అంటే, దీని వెనక ఇంకొకరున్నారు," అన్నారు. "డబ్బు పెట్టి నిందితుణ్ణి తప్పించిన అదృశ్య హస్తం. ఇన్నేళ్ళుగా మన ఉద్యోగుల్ని పథకానికి దూరం చేసి, క్యాష్ దారి పట్టిస్తున్నది ఆ హస్తమేనని నా అనుమానం. మేడమ్, పదిహేడో నిబంధన చూడండి."

కుముదిని గారు పేజీ తిప్పి చదివారు. "ఫిర్యాదుదారు తనంతట తానే దంతమును తొలగించుకొనినచో ప్రమోషను నిలుపుదల. అన్యుల ప్రోద్బలముతో, అన్యుల ద్రవ్యసాయముతో అయినచో ఫిర్యాదుదారు నిర్దోషి. శిక్ష ఆ అన్యులకు."

"అదీ నేనే రాశాను," అన్నారు విశ్వపతిరావు గారు, కాస్త సిగ్గుపడుతూ. మళ్ళీ కేశవం వైపు తిరిగారు. "విన్నారు కదా. పేరు చెబితే మీ ప్రమోషన్ మీకే. చెప్పకపోతే మీరు ఒక్కరే దోషి. ఎవరు?"

"వదిలేయండి సార్," అన్నాడు కేశవం. నోరు బాగుపడడంతో మాట చక్కగా, స్పష్టంగా వచ్చింది. "మంచాయనండి. సాయం చేశారు."

"బయటివాడా, మన సంస్థవాడా?"

"మన సంస్థేనండి."

"మన సంస్థలో ఉంటూ మన పథకానికి గోతులు తవ్వుతున్నాడా? ఏ విభాగం?"

కేశవం కనుబొమలు ఎగరేశాడు. దగ్గాడు. తన ఎడమ బుగ్గ మీద వేలితో తట్టి చూపించాడు.

"సైగలు వద్దు. విభాగం."

"పరిపాలనండి."

"నా విభాగంలోనే?" విశ్వపతిరావు గారు బల్ల మీద గుద్దారు. ఎడమ దవడ కలుక్కుమన్నట్టుంది, చెయ్యి అటు వెళ్ళింది. అయినా ఆగలేదు. "నా కళ్ళెదుటే తిరుగుతున్నాడన్నమాట. ఎంత హోదాలో ఉన్నవాడైనా సరే. నాకు కావలసినవాడైనా సరే. మీరు భయపడకండి, మీ వెనక నేనున్నాను."

"సార్, ఒక్కసారి నిన్న సాయంత్రం గుర్తు చేసుకోండి."

"నిన్న సాయంత్రంతో విచారణకి సంబంధం లేదు. ఇక్కడ చెప్పిందే సాక్ష్యం. మీరు ప్రమాణం చేశారు, మరిచిపోవద్దు."

కేశవం డాక్టర్ వైపు చూశాడు. ఆవిడ అద్దం తుడుచుకుంటోంది. కుముదిని గారి వైపు చూశాడు. ఆవిడ విశ్వపతిరావు గారి ఎడమ బుగ్గ వైపు చూస్తున్నారు, చాలా శ్రద్ధగా. ప్రమోషన్ వచ్చిందని మాణిక్యం వీధంతా ముందే చెప్పేసిన సంగతి గుర్తొచ్చింది. అరచేతిలో పెట్టిన మడత నోటు కూడా గుర్తొచ్చింది.

"పోనీ, తెలియదని రాసుకోండి సార్. మూడేళ్ళు ఆగుతాను."

అది వింటే ఎవరైనా కరిగిపోతారు. విశ్వపతిరావు గారు నిజంగానే కరిగారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"చూశారా మేడమ్, నిజాయితీపరుడు ఎలా నలిగిపోతున్నాడో. ఇలాంటివాడి భవిష్యత్తు బలిచేసి తను చాటున దాక్కున్న ఆ పెద్దమనిషిని నేను వదలను." ఆయన కేశవం భుజం మీద చెయ్యి వేశారు. "ఆఖరిసారి అడుగుతున్నాను. పూర్తి పేరు, హోదా చెప్పండి. అందరికీ వినబడేలా, గట్టిగా. అంజిబాబూ, అక్షరం పొల్లు పోకూడదు."

కేశవం వాలుకుర్చీలోంచి లేచి, చొక్కా సర్దుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"శ్రీ తాళ్ళూరి విశ్వపతిరావు గారండి," అన్నాడు. "డిప్యూటీ మేనేజరు, పరిపాలన."